రెండు భూముల వీరులు

త్రేతాయుగపు ఆంజనేయుడు ద్వాపరమున భీమసేనునికి దర్శనమిచ్చిన కథ శ్రోతలెల్లరు ఎరిగినదే. అట్టి కలయిక యొకటి 1961లో అమెరికా దేశపు బొమ్మల కథలలో జరిగెను.

గార్డనర్ ఫాక్స్ అను రచయిత 1940లో ఫ్లాష్ అను మహావేగశాలిని, ఒక చిత్రకారుని తోడ్పాటుతో, కల్పించెను. యుద్ధానంతరము పాఠకుల అభిరుచి మారి 1949లో ఆ పత్రిక ఆగిపోయెను. 1956లో ఆ పేరే వేరొక యువకునికి పెట్టి కొత్త కథ నారంభించిరి. ఆ యువకుడు బాల్యమున చదివిన బొమ్మల పుస్తకములోనివాడే పాత ఫ్లాష్! పుస్తకములోని మనుష్యుని కలిసికొనుట యెట్లు?

ఫాక్స్ పన్నిన ఉపాయమిది. భూములు రెండు గలవు. ఒకే తావున నున్నను వేర్వేరు వేగములతో కంపించుటచే ఒకదానికొకటి కానరావు. యువకుడొకనాడు అతివేగమున కంపించి రెండవ భూమిపై పడెను. అచ్చట పాత వీరుడు కణతలు నెరసి, గృహస్థుడై, విశ్రాంతిగా నుండెను. ఫిడేలుతో వశపరచుకొనువాడు, చీకటి గ్రమ్మించువాడు, కుయుక్తులు పన్నువాడు, ఈ మువ్వురు దుష్టులు ఏకమై నగరమును దోచుచుండగా, ఆయన మరల రెక్కల శిరస్త్రాణము ధరించెను. ఇద్దరును కలిసి వారిని పట్టిరి. వయసు మళ్లినవానిని పరిహాసపాత్రుని చేయక యువకుని సరసన నిలుపుటయే ఈ కథ ఘనత యని నా అభిప్రాయము.

1963 నుండి రెండు భూముల వీరబృందములు ఏటేట కలియసాగెను. తొలిసారి వారెదిరించినది ఇరులోకముల నుండి ముగ్గురేసి చేరిన దుష్టకూటమిని. పోను పోను లోకముల సంఖ్య పెరిగి కొత్త పాఠకులు తికమకపడుటచే, ప్రచురణకర్తలు 1985లో మొదలిడిన పన్నెండు సంచికల కథలో వాని నన్నింటిని ఒక్కటిగా చేసివైచిరి.