దూలేను తెలుగులో ఏమంటారు?

మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఆనాటి పాఠం శివధనుర్భంగం. పాఠం మధ్యలో ఒక పిల్లవాడు లేచి, "విల్లు సరే మాస్టారూ, మరి దూలేను తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు.

బర్మా భాషలో 'లే' అంటే విల్లు. కర్రదిమ్మ కొసన అడ్డంగా బిగించిన విల్లు దూలే. ఇంగ్లీషువారి క్రాస్‌బో ఇదే. ఉత్తరాన కచిన్ కొండల్లో ఉండే లీసూ జాతివారికి ఇది వేట సాధనమే కాదు, జాతి గుర్తు కూడా.

మామూలు వింటితో విలుకాడు నారిని లాగి పట్టుకొని, అదే క్షణంలో గురి చూడాలి. ఆ విద్యకు ఏళ్ళ సాధన కావాలి. దూలేలో ఒంటి బలమంతా పెట్టి నారిని ఒక్కసారి వెనక్కు లాగి గంటులో తగిలిస్తే చాలు. ఆ బరువును ఇక కర్రే మోస్తుంది. వేటగాడు తాపీగా గురి చూసి మీట నొక్కుతాడు. నారి జారుతుంది, బాణం దూసుకుపోతుంది. లీసూలు విల్లును గట్టి కర్రతో, నారిని జనుము వంటి పీచుతో, బాణాన్ని వెదురుతో చేస్తారు. పెద్ద జంతువుకైతే మొనకు వసనాభి విషం పూస్తారు.

కీలకమంతా మీటలోనే ఉంది. చైనావారు రెండువేల ఏళ్ళకు పూర్వమే దానిని కంచుతో పోతపోశారు. 1974లో బయటపడిన మట్టి సైనికుల గోతుల్లో అటువంటి మీటలు దొరికాయి. వియత్నాం గాథలో రాజ్యాన్ని కాపాడిన వింటికి మీట బంగారు తాబేలు గోరట! దానిని అల్లుడు దొంగిలించగానే రాజ్యం పోయింది. ఐరోపాలో 1139లో క్రైస్తవ మతసభ ఈ ఆయుధాన్ని, మామూలు వింటిని కూడా సాటి క్రైస్తవులపై వాడరాదని శాసించింది. అయినా 1199లో ఇంగ్లండు రాజు రిచర్డు దీని బాణపు గాయంతోనే మరణించాడు. ఏళ్ళ సాధన లేని సామాన్యుడి చేతికి కూడా రాజును కూల్చే శక్తి వచ్చిందన్న మాట.

మన మన్యంలో వాడుక చేతివిల్లే. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారు పట్టినవీ విల్లంబులే. దూలేకు మన నోట పేరు లేకపోవడానికి కారణం అదే కాబోలు.

మరి పిల్లవాడికి ఏమి చెప్పాలి? మరుసటి తరగతిలో నల్లబల్ల మీద 'అడ్డవిల్లు' అని రాశాము. అది ఏ నిఘంటువులోనిదో మమ్మల్ని అడగవద్దు. పిల్లలకు మాత్రం వెంటనే అర్థమైంది.

ఒకప్పుడు రంగూనులో తెలుగువారిని కోరంగీలు అనేవారు. మన పెద్దలు ఓడ ఎక్కిన కోరంగి రేవు పేరే మనకు పెట్టారు. ఈ నేల మనకు పేరు పెట్టింది. ఈ నేల వస్తువులకు మనమూ తెలుగు పేర్లు పెట్టుకోవద్దా? ఇంట్లో, వీధిలో, కొండమీద కనిపించేదాన్ని చెప్పలేని భాషను పిల్లలు పండుగనాటి పట్టుబట్టలా మడిచి పెట్టెలో దాచేస్తారు. అలా కాకుండా చూడడమే మా బోటి పంతుళ్ళ పని.