ఊహాత్మక ఎగిరే పడవల నమూనాలు

ఊహాత్మక ఎగిరే పడవల నమూనాలు అనగా చరిత్రలో నిర్మాణం కాని, లేదా నిర్మాణమైనా సైనిక సేవలోకి రాని ఎగిరే పడవలను "ఇలా జరిగి ఉంటే ఎలా ఉండేది?" అనే ఊహ ఆధారంగా తయారుచేసే స్కేల్ మోడళ్ళు. ఆంగ్లం మాట్లాడే దేశాలలో ఈ తరహా నమూనాల తయారీని "వాట్-ఇఫ్" మోడలింగ్ అని, క్లుప్తంగా "విఫ్" అని వ్యవహరిస్తారు. 1930ల నుండి 1950ల వరకు బ్రిటన్, అమెరికా, జర్మనీ, జపాన్, సోవియట్ యూనియన్ దేశాలు రూపొందించిన సైనిక ఎగిరే పడవలు ఈ అభిరుచికి ప్రధాన ఆధారాలు.

నేపథ్యం

నీటిమీద దిగినపుడు విమాన దేహమే పడవవలె తేలితే దానిని ఎగిరే పడవ అంటారు. దేహం క్రింద వేరుగా తేలు తొట్లు అమర్చిన విమానం ఫ్లోట్‌ప్లేన్ అవుతుంది. రన్‌వేలు అరుదుగా ఉన్న కాలంలో సముద్రాలపై గస్తీకి, జలాంతర్గాముల వేటకు, నీటిలో పడిన వైమానికులను రక్షించడానికి ఎగిరే పడవలే అనుకూలంగా ఉండేవి. అమెరికాకు చెందిన కాన్సాలిడేటెడ్ కాటలినా (తొలి ప్రయాణం 1935), బ్రిటన్‌కు చెందిన షార్ట్ సండర్లాండ్ (1937), జపాన్‌కు చెందిన కవానిషి హెచ్8కె (1941) వీటిలో ప్రసిద్ధమైనవి.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ప్రపంచమంతటా పొడవైన కాంక్రీటు రన్‌వేలు ఏర్పడ్డాయి. నేలపై దిగే విమానాల దూరపరిధి కూడా పెరిగింది. పడవ ఆకారం వలన కలిగే అదనపు గాలి నిరోధం, ఉప్పునీటి తుప్పు, అలల ఉధృతి ఎగిరే పడవలకు ప్రతికూలమయ్యాయి. కావున ఏ ఊహాత్మక నమూనా అయినా సమాధానం చెప్పవలసిన మొదటి ప్రశ్న ఒకటే: ఈ కారణాలలో ఏది లేకపోయి ఉంటే ఈ విమానం అవసరమయ్యేది?

ఊహకు ఆధారమైన వాస్తవ విమానాలు

శాండర్స్-రో ఎస్.ఆర్.ఎ./1: ఇది జెట్ ఇంజన్లతో ఎగిరిన తొలి ఎగిరే పడవ యుద్ధవిమానం. రన్‌వేలు లేని పసిఫిక్ దీవుల నుండి పోరాడడానికి దీనిని ఉద్దేశించారు. అయితే 1947 జూలై 16న ఇది తొలిసారి ఎగిరేనాటికి యుద్ధం ముగిసి దాదాపు రెండేళ్ళయింది. తయారైన మూడింటిలో రెండు 1949లో ప్రమాదాలకు గురయ్యాయి. మిగిలిన ఒకటి సౌతాంప్టన్‌లోని సోలెంట్ స్కై మ్యూజియంలో ఉంది. యుద్ధం మరో రెండేళ్ళు సాగి ఉంటే అన్న ఊహకు ఇది సహజమైన ఆధారం.

కాన్వెయిర్ సీ డార్ట్: నీటిపై స్కీల సహాయంతో జారి పైకి లేచే అమెరికా నౌకాదళ జెట్ విమానం. 1954 ఆగస్టులో ఇది ధ్వనివేగాన్ని మించింది. నీటిపైనుండి ఎగిరే మరే విమానమూ ఆ ఘనత సాధించలేదు. అదే సంవత్సరం నవంబరు 4న శాన్ డియాగోలో జరిగిన ప్రదర్శనలో ఒక సీ డార్ట్ గాలిలోనే విచ్ఛిన్నమై పైలట్ మరణించాడు.

మార్టిన్ సీమాస్టర్: నాలుగు జెట్ ఇంజన్ల ఎగిరే పడవ. 1955 జూలై 14న తొలిసారి ఎగిరింది. మొదటి రెండు ప్రతులు కూలిపోయాయి. 1959లో అమెరికా నౌకాదళం ఈ పథకాన్ని రద్దు చేసింది. పూర్తి విమానం ఒక్కటి కూడా మిగలలేదు. కనుక దీని రూపాన్ని మూడు కొలతలలో చూడాలంటే నమూనాలే ఆధారం.

బ్లోమ్ ఉండ్ ఫాస్ బి.వి.238: ఆరు ఇంజన్లు గల జర్మన్ ఎగిరే పడవ. పూర్తయినది ఒక్కటే. 1944లో ఎగిరిన ఈ విమానాన్ని మిత్రరాజ్యాల విమానాలు నీటిపై ఉండగా ధ్వంసం చేశాయి.

శాండర్స్-రో ప్రిన్సెస్: పది టర్బోప్రాప్ ఇంజన్లతో 1952లో ఎగిరిన ప్రయాణికుల విమానం. దీనిని బ్రిటిష్ వైమానిక దళానికి రవాణా విమానంగా ఉపయోగించాలన్న ఆలోచన కూడా జరిగింది. మూడు నిర్మించినా ఎగిరినది ఒక్కటే.

ఊహల రకాలు

రద్దయిన పథకం కొనసాగడం: సీమాస్టర్ వంటి విమానం సేవలోకి వచ్చినట్లు భావించి, తరువాతి దశాబ్దాల రంగులు, గుర్తులు వేస్తారు.

ఇంజన్ల మార్పు: దీనికి చరిత్రలోనే ఆధారాలున్నాయి. సండర్లాండ్ యొక్క పెగాసస్ ఇంజన్లు అధిక భారంతో త్వరగా అరిగిపోతుండడంతో ఐదవ రకంలో కాటలినాకు వాడిన ట్విన్ వాస్ప్ ఇంజన్లనే అమర్చారు. యుద్ధానంతరం ఒక పౌర కాటలినాకు అదనంగా రెండు ఇంజన్లు చేర్చి నాలుగు ఇంజన్ల విమానంగా మార్చారు. సోవియట్ యూనియన్‌లో పిస్టన్ ఇంజన్ల బెరియెవ్ బి-6 తరువాత టర్బోప్రాప్ ఇంజన్ల బి-12 వచ్చింది. టర్బోప్రాప్ సండర్లాండ్‌ను ఊహించేవారికి బి-12 మంచి మార్గదర్శి.

వేరొక దేశపు సేవ: ఒక దేశపు విమానాన్ని మరొక దేశం ఉపయోగించినట్లు చూపడం. నమూనాలో మార్పు తక్కువ, చరిత్ర పరిజ్ఞానం ఎక్కువ అవసరమయ్యే రకమిది.

పూర్తి కల్పన: హయావో మియజాకి 1992లో తీసిన యానిమేషన్ చిత్రం "పోర్కో రోస్సో"లోని ఎర్రని ఎగిరే పడవ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. జపాన్‌కు చెందిన ఫైన్ మోల్డ్స్ సంస్థ దీని కిట్లను విడుదల చేసింది.

నమ్మదగిన రూపకల్పన

ఊహ స్వేచ్ఛగా ఉన్నా నీటి ధర్మాలు మారవు. పడవ అడుగున మెట్టువంటి విరుపు ఉండాలి. అది లేకపోతే నీటి పట్టు వీడక విమానం పైకి లేవడం కష్టమవుతుంది. ఈ మెట్టు విమాన గురుత్వకేంద్రానికి కొద్దిగా వెనుక ఉంటుంది. ప్రొపెల్లర్లు, జెట్ ఇంజన్ల గాలి ద్వారాలు నీటి తుంపరలకు అందనంత ఎత్తులో ఉండాలి. అందుకే కాటలినాలో రెక్కను దేహంపై ఒక స్తంభం మీద నిలిపారు, బి-6, బి-12లలో రెక్కను గల్ పక్షి రెక్కవలె వంచారు, సీమాస్టర్‌లో ఇంజన్లను రెక్కపైన ఉంచారు. సీమాస్టర్ తొలి ప్రతులలో జెట్ మంట దేహపు రేకును మాడ్చడంతో తరువాతి వాటిలో ఇంజన్లను బయటి వైపుకు తిప్పవలసి వచ్చింది.

ఇంజన్ బలం పెరిగితే తోక కూడా మారాలి. పెగాసస్ ఇంజన్ శక్తి సుమారు 1,000 హార్స్ పవర్ కాగా, ఓరియన్ విమానపు టర్బోప్రాప్ ఇంజన్ శక్తి 4,000 హార్స్ పవర్‌కు పైగా ఉంటుంది. ఓరియన్ కిట్‌లోని ఇంజన్లను సండర్లాండ్ కిట్‌కు అతికించి తోకను యథాతథంగా వదిలితే, తెలిసినవారికి ఆ లోపం వెంటనే కనిపిస్తుంది.

పరిమాణం, తయారీ

రెక్కల నిడివిని స్కేలుతో భాగిస్తే నమూనా పరిమాణం తెలుస్తుంది.

కాటలినా: 31.7 మీ. – 1/72 స్కేలులో 440 మి.మీ., 1/144లో 220 మి.మీ.
సండర్లాండ్: 34.4 మీ. – 478 మి.మీ., 239 మి.మీ.
హెచ్8కె: 38 మీ. – 528 మి.మీ., 264 మి.మీ.
బి.వి.238: 60.2 మీ. – 836 మి.మీ., 418 మి.మీ.
ఎస్.ఆర్.ఎ./1: 14 మీ. – 195 మి.మీ., 97 మి.మీ.

రెండు కిట్ల భాగాలను కలిపేటపుడు రెండూ ఒకే స్కేలువి కావడం మంచిది. కొత్త భాగాలను ప్లాస్టిక్ షీటుతో చేసి, సందులను పుట్టీతో పూడ్చి, ఉప్పుకాగితంతో నునుపు చేస్తారు. చక్రాలపై నిలిపే నమూనా వెనుకకు ఒరగకుండా ముక్కు భాగంలో బరువు ఉంచుతారు. నీటి మట్టం వద్ద ఉప్పు చారలు, ఇంజన్ల వెనుక పొగ మరకలు వేయడం సహజత్వాన్నిస్తుంది.

గుర్తులలో కాలం ప్రధానం. ఉదాహరణకు, ఆగ్నేయాసియాలోని బ్రిటిష్ విమానాలపై జపాను గుర్తుతో పొరపాటు పడకుండా వృత్తాలలోని ఎరుపు రంగును తొలగించారు. 1944 నాటి బంగాళాఖాతపు కాటలినాపై ఎర్రని వృత్తం వేస్తే అది ఊహ కాదు, పొరపాటు.

భారతదేశంతో సంబంధం

1942 ఏప్రిల్ 4న సింహళంలోని కొగ్గల నుండి బయలుదేరిన ఒక కెనడా దళపు కాటలినా, జపాను నౌకాబలగాన్ని గుర్తించి వార్త పంపుతుండగా కూల్చివేయబడింది. అందులోని తొమ్మిదిమందిలో ఆరుగురు బ్రతికి బందీలయ్యారు. మరునాడు కొలంబోపై, ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను విమానాలు బాంబులు వేశాయి. అదే సంవత్సరం మద్రాసు సమీపాన రెడ్‌హిల్స్ చెరువు కాటలినాలకు స్థావరమైంది.

స్వాతంత్ర్యానంతరం భారత వైమానిక దళం సముద్ర గస్తీకి నేలపై దిగే లిబరేటర్ విమానాలను ఉపయోగించింది. భారత నౌకాదళం 1953 నుండి షార్ట్ సీలాండ్ అనే చిన్న ఉభయచర విమానాలను పది వరకు సమకూర్చుకుంది. కావున భారత గుర్తులు గల సీలాండ్ నమూనా చారిత్రకం. రెడ్‌హిల్స్ చెరువుపై భారత గుర్తులు గల సండర్లాండ్ నమూనా ఊహాత్మకం.

విమర్శ, జాగ్రత్తలు

చక్కగా చేసిన ఊహాత్మక నమూనా ఛాయాచిత్రం వివరణ లేకుండా వ్యాపిస్తే, తెలియనివారు దానిని నిజమైన విమానంగా భావించే ప్రమాదం ఉంది. అందువలన నమూనా ప్రక్కన ఏది వాస్తవమో, ఎక్కడినుండి కల్పన మొదలవుతుందో తెలిపే చీటీ ఉంచడం మంచి పద్ధతి. ఈ విమానాలలో పలువురు మరణించారన్నదీ మరువరాదు. 1955లో కూలిన సీమాస్టర్‌లోని నలుగురూ చనిపోయారు. అయితే ఒక పథకం ఎందుకు విఫలమైందో తెలియనిదే అది సఫలమైనట్లు నమ్మదగిన రీతిలో చూపడం సాధ్యం కాదు. ఆ విధంగా ఈ అభిరుచి విమాన చరిత్ర అధ్యయనానికి తోడ్పడుతున్నది.

ఇవి కూడా చూడండి

ఎగిరే పడవ
కాటలినా విమానం
స్కేల్ మోడల్
రెండవ ప్రపంచ యుద్ధం
విశాఖపట్నం చరిత్ర