రోడ్డు సెస్సు నుండి భద్రతా నిధి వరకు

శ్రీకాకుళము వద్ద నాగావళిని దాటిపోవు రహదారి మిక్కిలి పాతది. మద్రాసు నుండి కలకత్తా దిక్కునకు సాగిన ఈ బాటను మన పెద్దలు ట్రంకు రోడ్డని పిలిచిరి. ఎడ్లబండ్లు, పల్లకీలు, సిపాయి పటాలములు, కాలినడకను పూరీకి పోవు యాత్రికులు, అందరును దీని మీదనే పోయిరి. 1876లో వచ్చిన వరదకు ఇచ్చటి వంతెన కమానులు కొన్ని కొట్టుకొనిపోయెను. వంతెన కూలినచోట రాయియు సున్నమును చేరుటకు ముందు సొమ్ము చేరవలెను. ఆ సొమ్ము ఎవరివద్ద వసూలు కావలెను? ఏ పద్దున జమ కావలెను? ఎవరి చేతిమీదుగా ఖర్చు కావలెను? నూట యేబది యేండ్లకు పైగా మన ఉత్తర కోస్తా రోడ్లను ఈ మూడు ప్రశ్నలే నడిపించినవి. ప్రమాద వార్తలను చదివి వినిపించుట మా వృత్తిలో ఒక భాగము. అందుచేత ఆ వార్తల వెనుకనున్న జమాఖర్చును ఒకసారి తిరుగవేయుట ఉచితమని మాకు తోచినది.

1866వ సంవత్సరము గంజాం జిల్లాకు కరవు సంవత్సరము. నాడు శ్రీకాకుళము గంజాములోనిదే. 1936లో ఒడిషా రాష్ట్రము వేరైనప్పుడు అది విశాఖపట్టణము జిల్లాలో చేరెను. 1950లో తానే యొక జిల్లా ఆయెను. విజయనగరము జిల్లా 1979లో ఏర్పడినది. కరవు నాటికి రైలు ఇంకను రాలేదు. గింజలున్న చోటినుండి గింజలు లేని చోటికి బండి కదలవలెనన్న రోడ్డే దిక్కు. దారిలో వాగు పొంగినచో బండి నిలిచెను. బండి నిలిచినచో ప్రాణము నిలువదు. ఆ కాలమున మార్గభద్రత యనగా ఇదియే.

ఆ 1866లోనే మద్రాసు ప్రభుత్వము జిల్లా రోడ్డు సెస్సు చట్టమును చేసెను. సాగుభూముల కౌలు విలువమీద రూపాయికి అర్ధణాకు మించకుండ సెస్సు వేయవచ్చుననిరి. ఈ చట్టములో మమ్ము ఆకర్షించిన యంశమొకటి కలదు. వసూలైన సొమ్ములో మూడింట రెండు వంతులు ఏ తాలూకాలో వసూలయ్యెనో ఆ తాలూకా రోడ్లకే ఖర్చు కావలెను. టెక్కలి రైతు ఇచ్చిన అర్ధణాలో పెద్ద భాగము టెక్కలి బాట మీదనే కంకరగా కనబడవలెనన్నమాట. పరాయి ప్రభుత్వము చేసిన చట్టమైనను, అందులో రైతు చూపునకు అందెడి న్యాయము కొంత యుండినదని ఒప్పుకొనక తప్పదు.

ఆ న్యాయము ఎక్కువకాలము నిలువలేదు. 1871లో లోకల్ ఫండు చట్టము వచ్చెను. సెస్సు హద్దు రూపాయికి అణా వరకు పెరిగెను. అదే మూటలోనుండి బడులకు, ఆసుపత్రులకు, మంచినీటికి, పారిశుద్ధ్యమునకు కూడ ఈయవలసి వచ్చెను. ఇవన్నియు కావలసినవే, కాదనువారెవరు? కాని రోడ్డు పేర పుట్టిన సొమ్మునకు వాటాదారులు పెరిగిరి. 1884 చట్టముతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వెలసినవి. విజయనగరము వంటి జమీందారీ సీమలలో ఈ సెస్సును భూస్వామి చెల్లించి, అందులో సగము రైతువద్ద రాబట్టుకొనెడివాడు. దారి పొడవున టోలుగేట్లుండెను. బండివాడు సంతకు పోవుచు ఒకమారు, వచ్చుచు ఒకమారు మొలకు చుట్టిన డబ్బు సంచి విప్పవలసి వచ్చెడిది. చిల్లర లేక గేటువద్ద జరిగిన తగవులను ముసలివారు కథలుగా చెప్పెడివారు. అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము.

పిమ్మట మోటారు వచ్చెను. ఇనుప కమ్మీల చక్రము కంకర రోడ్డును నలుగగొట్టినను, రాళ్ళ నడుమనున్న మట్టిని లోపలికే అదిమెడిది. వేగముగా పోవు రబ్బరు చక్రమో, ఆ మట్టిని పైకి లాగి దుమ్ముగా ఎగురవేయును. బంధము వదలిన కంకర వర్షము పడగానే చెదరిపోవును. బస్సులు పెరిగినకొలది రోడ్లు చెడిపోయెను. వానిని బాగుచేయు భారము మాత్రము రైతు సెస్సుతో బ్రతుకు జిల్లా బోర్డుమీద పడెను. రోడ్డును వాడువాడు ఒకడు, వెల యిచ్చువాడు వేరొకడు.

ఈ చిక్కును తేల్చుటకు 1927లో భారత ప్రభుత్వము జయకర్ గారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. రోడ్లు స్థానిక సంస్థల తాహతును మించిపోయినవనియు, మోటారు కాల్చు పెట్రోలే రోడ్డుకు వెల యీయవలెననియు వారు సూచించిరి. 1929 మార్చి నుండి గాలనుకు రెండణాలు అదనపు సుంకము వేసి, దానిని కేంద్ర రోడ్డు నిధిగా వేరు చేసిరి. ఏడాది చివర మురిగిపోకుండ నిలువయుండుట ఈ నిధికి గల ఒక గొప్ప సుగుణము. మార్చి నెలాఖరున సొమ్ము మురిగిపోవునన్న భయముతో తొందరపడి చేయు పనులను చూచిన వారికి దీని విలువ తెలియును. ఐనను పంపకములో లోటొకటి కలదు. ఏ రాష్ట్రము ఎక్కువ పెట్రోలు కాల్చెనో దానికి ఎక్కువ వాటా. మోటార్లున్నచోట రోడ్లు, రోడ్లున్నచోట మోటార్లు. ఎడ్లబండి మీదనే బ్రతుకు సాగు సీమలకు ఈ లెక్కలో బలము చాలదు.

మద్రాసు రాష్ట్రము 1931లో మోటారు బండ్ల పన్ను చట్టము చేసి, పాత టోలుగేట్లకు స్వస్తి చెప్పెను. గేట్ల రాబడి పోయినందుకు స్థానిక సంస్థలకు ఆ పన్నునుండి పరిహారమిచ్చు ఏర్పాటు జరిగెను.

ఇట్టి నిధులకు ఇంగ్లండులో ఏ గతి పట్టినదో చూచుట అవసరము. లాయిడ్ జార్జి 1909 బడ్జెటులో మోటారు లైసెన్సు రుసుమును, పెట్రోలు సుంకమును రోడ్లకై కేటాయించెను. 1920లో అది రోడ్డు నిధి ఆయెను. నిధి నిండుచుండుట చూచి 1926లో ఆర్థిక మంత్రి చర్చిల్ దాని మిగులును సాధారణ ఖర్చులకు మళ్ళించెను. మోటారు యజమానులు గగ్గోలు పెట్టిరి. పన్ను కట్టినంత మాత్రమున రోడ్డు వారి సొత్తగునా యని ఆయన వాదన. రెండు పక్షములలోను కొంత నిజము లేకపోలేదు. కాని పేరు పెట్టి వసూలు చేసిన సొమ్ము పేరు మరచిపోయినప్పుడు ప్రజలకు నమ్మకము సడలును. ఆ నమ్మకము తిరిగి రావలెనన్న మరల చట్టము కావలెను.

1943 డిసెంబరులో నాగపూరునందు చీఫ్ ఇంజనీర్లు సమావేశమై ఇరువది యేండ్ల రోడ్డు ప్రణాళికను రచించిరి. జాతీయ రహదారుల భారమును 1947 ఏప్రిల్ నుండి కేంద్రము వహించెను. 1956 నాటి జాతీయ రహదారుల చట్టము దానికి శాసనబలమిచ్చెను. మన ట్రంకు రోడ్డు అయిదవ నంబరు జాతీయ రహదారి ఆయెను. తరువాత నంబర్లు మార్చినప్పుడు పదునారవది ఆయెను. 1959లో జిల్లా బోర్డులకు బదులు జిల్లా పరిషత్తులు వచ్చెను. ఇన్ని మార్పులలోను పద్దులు రెండే: క్రొత్త నిర్మాణము, పాతదాని మరమ్మతు. మనిషిని చావకుండ కాపాడుటకు ప్రత్యేకముగా ఒక పద్దు లేదు. 1939 మోటారు వాహనముల చట్టము లైసెన్సులు, వేగపు హద్దులు, జరిమానాలు విధించెను. ఆ చట్టముచే ఖజానాకు రాబడి కలిగెను గాని, ప్రాణరక్షణకై ఖజానానుండి కదలిన సొమ్ము స్వల్పము.

ప్రమాదము పేర మొట్టమొదట వెలసిన నిధి చచ్చినవారి కొరకు వెలసినది! 1982 సవరణతో, ఢీకొట్టి పారిపోయిన బండి ఏదో తెలియనప్పుడు, మరణించిన వారి కుటుంబమునకు 5,000 రూపాయలు, తీవ్రముగా గాయపడినవారికి 1,000 రూపాయలు ఇచ్చు నిధిని ఏర్పరచిరి. ఆ మొత్తము మెల్లమెల్లగా పెరిగి, 2022 ఏప్రిల్ నుండి మరణమునకు రెండు లక్షలు, తీవ్రగాయమునకు ఏబదివేలు ఆయెను. ఇది కావలసిన సాయమే. తెల్లవారుజామున కూరగాయల గంపతో బయలుదేరి లారీ క్రింద పడిపోయిన స్త్రీ ఇంటికి ఇంకెవరు దిక్కు? కాని గంప దించకముందే చేయవలసిన పనికి మాత్రము నిధి దొరకలేదు.

దొరికిన చోట ఫలము ఎట్లుండునో రైలు గేట్ల చరిత్ర చూపుచున్నది. 1998లో పెట్రోలు మీదను, మరుసటి యేడు డీజిలు మీదను లీటరుకు ఒక రూపాయి సెస్సు వచ్చెను. 2000 నాటి కేంద్ర రోడ్డు నిధి చట్టము దాని పంపకమును శాసనములోనే వ్రాసెను. డీజిలు సెస్సులో సగము గ్రామీణ రోడ్లకు. మిగిలిన సగమును పెట్రోలు సెస్సును కలిపి, అందులో 57.5 శాతము జాతీయ రహదారులకు, 30 శాతము రాష్ట్రముల రోడ్లకు, 12.5 శాతము రైలు గేట్లవద్ద వంతెనలకును భద్రతా పనులకును. ఆ 12.5 శాతమునకు పేరుండెను, స్థలముండెను, పని యుండెను. నౌపడా నుండి టెక్కలి, పాతపట్నముల మీదుగా గుణుపూరు పోవు చిన్న రైలు నిదానముగా నడచు కాలములో కాపలా లేని గేటు ఎవరికిని అంత భయము గొలిపెడిది కాదు. పెద్ద పట్టాల మీద వేగము పెరిగినచోట అది మృత్యుద్వారము. తెలంగాణలోని మాసాయిపేటవద్ద 2014 జూలైలో బడిబస్సును రైలు ఢీకొని పసిపిల్లలు ప్రాణములు కోల్పోయిన సంగతి తెలుగువారు మరువలేదు. తరువాత 2017లో రైల్వేలకు అయిదేండ్లకు లక్ష కోట్ల భద్రతా నిధి ప్రకటింపబడెను. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మార్గములపై కాపలా లేని గేట్లు దేశమంతట తొలగింపబడెను. ప్రాణనష్టము మన తలవ్రాత యనువారికి ఇంతకంటె సమాధానము అక్కరలేదు.

రోడ్డుమీద అట్టి యేర్పాటు జరుగలేదు. హెల్మెట్ లేనందుకో, అతివేగమునకో మనము కట్టు జరిమానా సాధారణముగా రాష్ట్రపు సంచితనిధిలో చేరును. రాజ్యాంగము ప్రకారము శాసనసభ ఆమోదము లేనిదే దానినుండి పైసా తీయరాదు. సూత్రము మంచిదే, ప్రభుత్వ ధనమునకు అదియే కాపు. కాని ఆ సముద్రములో కలిసిన తరువాత ఏ చుక్క ఎచ్చటినుండి వచ్చెనో చెప్పువారుండరు. కేరళ 2007లోనే ప్రత్యేక చట్టము చేసి, జరిమానాలలో ఒక భాగమును రోడ్డు భద్రతకు కేటాయించెను. కోయంబత్తూరు శస్త్రవైద్యుడు రాజశేఖరన్ గారు వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2014లో జస్టిస్ రాధాకృష్ణన్ గారి సంఘమును నియమించెను. ప్రతి రాష్ట్రములో భద్రతా మండలి, బాధ్యత వహించు ఒక ప్రధాన సంస్థ, జరిమానాల భాగముతో నడుచు భద్రతా నిధి, ప్రతి జిల్లాలో భద్రతా సంఘము ఉండవలెనని 2017 నవంబరు 30వ తేదీ తీర్పులో ఆదేశించెను. రోజూ విరిగిన యెముకలు అతుకు వైద్యుడు కోర్టుకెక్కిన పిమ్మటగాని దేశమునకు ఈ లెక్క తట్టలేదు! 2022లో దేశమంతట రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది.

ఇక పనుల యెంపిక సంగతి. 1999లో ఆరంభమైన స్వర్ణ చతుర్భుజి పథకముతో పైడిభీమవరము నుండి ఇచ్ఛాపురము వరకు ట్రంకు రోడ్డు నాలుగు వరుసల దారి ఆయెను. మడపాము, నాతవలసల వద్ద టోలుగేట్లు మరల వచ్చెను. ప్రభుత్వ ధనముతో వేసిన రోడ్డుమీద వసూలగు టోలు భారత సంచితనిధికి పోయి, బడ్జెటు ద్వారా రహదారుల సంస్థకు తిరిగి వచ్చును. అది ఏ తాలూకాలో వసూలయ్యెనన్న ప్రశ్న ఈ లెక్కలో లేదు. 1866 నాటి మూడింట రెండు వంతులు గుర్తుకు రాకమానవు.

ప్రమాదస్థలమును బాగుచేయుటకు కేంద్రము పెట్టుకొన్న కొలత యొకటి కలదు. జాతీయ రహదారిపై అయిదువందల మీటర్ల మేరలో మూడేండ్లలో మరణముగాని తీవ్రగాయముగాని కలిగించిన ప్రమాదములు అయిదు జరిగినను, లేక పదిమంది మరణించినను ఆ చోటు బ్లాక్ స్పాట్ అనిపించుకొనును. పరిమితమైన సొమ్మును ఎక్కువ నష్టము జరుగుచోట మొదట ఖర్చు చేయుట తెలివైన పనియే. పట్టికలో చేరినచో సర్వే జరుగును, అంచనా తయారగును, అండర్‌పాసో సర్వీసు రోడ్డో మంజూరగును. చేరనిచో ఆ యూరివారు అర్జీలు పెట్టుకొనుచుండవలెను. స్టాపర్లు, తెల్లగీతలు వంటి చిన్న పనులకే ఎవరి పద్దు అని ప్రశ్న వచ్చును. దీపము పెట్టినచో కరెంటు బిల్లు పంచాయతీదా, రహదారి సంస్థదా? తగవు తేలువరకు స్తంభము నిలిచియుండును, వెలుగు రాదు.

ఇటీవల ఒక సాయంకాలము శ్రీకాకుళమునకు ఉత్తరముగా, రహదారి ప్రక్కనున్న ఒక యూరివద్ద ఆగితిమి. ఊరొక ప్రక్క, పొలములొక ప్రక్క. నడుమ డివైడరులో ఎవరో చేసికొన్న కంత. తలపై గడ్డిమోపుతో ఒక వృద్ధురాలు ఆ కంతలో నిలిచి, లారీల వరుస తెగుటకై ఎదురుచూచుచుండెను. మోపు అడ్డమై ఆమెకు కుడివైపు కనబడదు. చెవులతోనే బండి రాకను పసిగట్టుచున్నది. మేము చూచుచుండగా రెండుమార్లు అడుగు ముందుకు వేసి వెనుకకు తీసికొనెను. మూడవమారు దాటెను. అచ్చట అండర్‌పాసు ఏల రాలేదని తరువాత విచారించితిమి. ఆ చోటు ఇంకను లెక్కకు రాలేదని తెలిసినది.