మూసీకి ఇటూ అటూ

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి నయాపూల్ మీదుగా నడిస్తే చాలు. ఇవతలి ఒడ్డున స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, ఉస్మానియా ఆసుపత్రి. అవతల హైకోర్టు, సిటీ కాలేజీ, సాలార్‌జంగ్ మ్యూజియం. మ్యూజియం భవనం 1968 నాటిదే గానీ మిగతావన్నీ నిజాం కాలానివి. వాటిని చూసి నిజాం వైభవం అంటారు అందరూ. నాకు మాత్రం వరదకి జడుసుకున్న ఊరు కనిపిస్తుంది.

1908 సెప్టెంబర్ 28న మూసీ వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెప్తారు. తర్వాత విశ్వేశ్వరయ్య వచ్చి, నీళ్లని ఊరికి ఎగువనే ఆపాలన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు, తోటలు వేసింది. విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన హైకోర్టు, ఆసుపత్రి ఏటికి చెరోవైపు లేచాయి.

ఊరు బతికింది, ఏరు చిక్కిపోయింది. పైన నీళ్లు ఆగాయి, కింద ఊరి మురుగు చేరింది. అదే వంతెనని ఇప్పుడు ముక్కు మూసుకుని దాటుతున్నాం.

ఇప్పుడు మళ్లీ మూసీ సుందరీకరణ అంటున్నారు. 2024లో ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్రటి గుర్తులు పడ్డాయి. వందేళ్ల కిందటి భవనాలకి కట్టించినవాళ్ల పేర్లున్నాయి, గీసినవాళ్ల పేర్లున్నాయి. లేచిపోయిన బస్తీల్లో ఎవరుండేవాళ్లో చెప్పే ఫలకం ఈ దారిలో నాకు ఒక్కటీ కనబడలేదు. ఈసారైనా ఆ పేర్లు ముందు రాసిపెట్టుకుందాం. తోటలు తర్వాతైనా వేసుకోవచ్చు.