కంటి వెనుక చిత్రాలు: పోబోయే చూపును ముందే చదివిన చరిత్ర

మీ ఇంటి పెద్దలు ఎప్పుడైనా "తలుపు చట్రం వంకరగా కనబడుతోంది", "ఎదుటి మనిషి తెలుస్తున్నాడు గాని ముఖమే ఆనడం లేదు" అన్నారా? అది శుక్లం కాకపోవచ్చు. అక్షరాలు చదవడానికీ ముఖాలు గుర్తుపట్టడానికీ ఆధారమైన రెటీనా నడిమి భాగం, మాక్యులా, వయసుతో క్షీణిస్తూ ఉండవచ్చు. నేను వైద్యవిద్య చదివిన రోజుల్లో ఇటువంటి రోగులలో చాలామందికి చెప్పగలిగిన మాట ఒక్కటే: "వయసు మీద పడింది, ఇక ఇంతే."

1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపును పరిచయం చేసేదాకా, బతికున్న మనిషి కంటిపాప వెనుక వైద్యునికి చీకటే కనిపించేది. 1874లో లండన్ వైద్యులు హచిన్సన్, టే వృద్ధుల రెండు కళ్లలోనూ ఈ మార్పులను వర్ణించారు. అయితే చూసి వర్ణించడం వేరు, రాబోయేది చెప్పడం వేరు. అందుకు ఒకే కంటిని ఏళ్ల తరబడి పోల్చి చూడాలి. 1926లో జైస్ సంస్థ ఫండస్ కెమెరాను విపణిలోకి తేవడంతో ఆ దారి సుగమమైంది. 1991లో వెలువడిన ఓసీటీ పద్ధతి, కంటిని తాకకుండానే రెటీనా పొరలను విడివిడిగా చూపింది.

అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ వేలాదిమందిని ఏళ్ల తరబడి గమనించి, ఫొటోల ఆధారంగా 2005లో ఒక సులువైన లెక్కను వెలువరించింది. ఒక్కో కంటిలో డ్రూసెన్ అనే పెద్ద పసుపు మచ్చలుంటే ఒక పాయింటు, రంగు మార్పులుంటే మరొకటి. రెండు కళ్లకూ కలిపి సున్నా వస్తే ఐదేళ్లలో వ్యాధి ముదిరే అవకాశం సుమారు 0.5 శాతం, నాలుగు వస్తే 50 శాతం.

పరిహారం లేని జోస్యం వల్ల ప్రయోజనమేమిటని మీరడగవచ్చు. ఆ మరుసటి ఏడాదే, 2006లో, తడిరకం వ్యాధికి కంటిలోకి ఇచ్చే రానిబిజుమాబ్ ఇంజెక్షనుకు అమెరికాలో అనుమతి లభించింది. త్వరగా ఇస్తే చూపు నిలుస్తుంది; ఆలస్యమైతే పోయిన చూపు పూర్తిగా తిరిగి రావడం కష్టం. అందువల్లనే ముందుచూపుకు విలువ వచ్చింది. 2020లో డీప్‌మైండ్ పరిశోధకులు, లండన్ మూర్‌ఫీల్డ్స్ వైద్యులు కలిసి, ఒక కన్ను దెబ్బతిన్నవారిలో రెండో కన్ను ఆరు నెలల్లో తడిరకానికి మారుతుందా అన్నది ఓసీటీ చిత్రాల నుంచి అంచనా వేసే కృత్రిమ మేధను ప్రకటించారు. అయినా అది సంభావ్యతే గాని విధివ్రాత కాదు.

కనుక మీకు నా మనవి ఇది. యాభై దాటాక కంటి వెనుక భాగాన్ని పరీక్ష చేయించుకోండి. వారానికొకసారి ఒక్కో కన్ను మూసి గళ్ల కాగితాన్ని చూడండి. గీతలు వంగితే ఆలస్యం చేయకుండా వైద్యుని కలవండి. చుట్ట, బీడీ, సిగరెట్టు మానండి. మీ పాత కంటి చిత్రాలను మాత్రం పారవేయకండి. నిన్నటి చిత్రం పక్కన పెట్టినప్పుడే నేటి చిత్రం రేపటి సంగతి చెబుతుంది.