హిల్ కుర్రాళ్ల బండి

1960ల్లో అమెరికాలో ఎవరైనా రోడ్డు మీద దెబ్బలు తగిలి పడిపోతే, చాలా ఊళ్లలో వాళ్లకోసం వచ్చేది శవాలను మోసే బండే. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లే వాహనం అంత్యక్రియలు జరిపించేవాళ్ల దగ్గరే ఉండేది మరి! దేశంలో సుమారు సగం అంబులెన్సు సేవలు వాళ్లవేనని జాతీయ విజ్ఞాన అకాడమీ 1966 నివేదిక తేల్చింది.

పిట్స్‌బర్గ్‌లో ఆ పని పోలీసులది. క్షతగాత్రుణ్ణి స్ట్రెచర్ మీద వ్యాను వెనక పెట్టి, పోలీసులిద్దరూ ముందు సీట్లలో కూర్చునేవారు. దారిలో ఊపిరి ఆగినా చూసే దిక్కుండేది కాదు.

పెద్దవాళ్లకైనా అంతే. 1966 నవంబరు 4న ఎన్నికల సభలో కుప్పకూలిన మాజీ గవర్నర్ డేవిడ్ లారెన్స్‌ను పోలీసు బండిలోనే ఆసుపత్రికి చేర్చారు. ఆయన తేరుకోలేదు, 21న కన్నుమూశారు.

ఆ ఊళ్లోనే ఉన్న మత్తువైద్య నిపుణుడు పీటర్ సఫార్‌కు ఈ తీరు మింగుడుపడలేదు. నోటితో శ్వాస అందించే పద్ధతి పనిచేస్తుందని 1950ల్లోనే ప్రయోగాలతో నిరూపించిన వియన్నా వైద్యుడాయన. చికిత్స ఆసుపత్రి గుమ్మం దగ్గర కాదు, మనిషి పడిన చోటే మొదలవ్వాలన్నది ఆయన పట్టు. పరోపకార నిధి నడిపే ఫిల్ హాలెన్, నల్లజాతివారి సంస్థ ఫ్రీడమ్ హౌస్ ఆయనతో చేతులు కలిపాయి. 1967లో కొత్త అంబులెన్సు సేవ కోసం ఆ ఊళ్లోని హిల్ డిస్ట్రిక్ట్ పేట నుంచి మనుషులను ఎంచుకున్నారు. కొందరు వియత్నాం నుంచి తిరిగొచ్చినవారు, కొందరు బడి చదువు పూర్తిచేయనివారు. ఉద్యోగానికి పనికిరారని ఊరు పక్కన పెట్టిన కుర్రాళ్లు!

వాళ్లకు దాదాపు 300 గంటల శిక్షణ ఇచ్చారు. ముందు గొంతులో అడ్డు తొలగించి ఊపిరి దారి తెరవడం, తర్వాత శ్వాస, ఆపై రక్తప్రసరణ చూడడం: అప్పట్లో ఈ వరుస తప్పకూడదనేవారు. రక్తం కారుతుంటే గట్టిగా అదిమిపట్టాలి, విరిగిన ఎముకకు కట్టు కట్టాలి, మెడ కదలనివ్వకూడదు. బండినీ సఫారే మార్పించారు. రోగి తల దగ్గర కూర్చుని పనిచేసేందుకు చోటు, ఆక్సిజన్, గొంతులోని ద్రవాలను లాగేసే యంత్రం అమర్చారు. మొదటి ఏడాదిలోనే సుమారు 5,800 పిలుపులకు ఆ బళ్లు వెళ్లాయి.

1974లో వైద్య సంచాలకురాలిగా వచ్చిన డాక్టర్ నాన్సీ కెరోలిన్ శిక్షణను మరింత పదును పెట్టారు. గొంతులో శ్వాసగొట్టం వేయడం లాంటి డాక్టర్ల పనులు వీధిలోనే జరిగాయి. ఈ కాలంలో కూడిన అనుభవమే తర్వాత ఆమె పారామెడిక్‌ల పాఠ్యపుస్తకానికి పునాది.

ఇంత చేసినా నగర పాలకులకు వాళ్లు కంటగింపే. ఫ్రీడమ్ హౌస్‌తో ఒప్పందాన్ని ఊళ్లో కొంత భాగానికే పరిమితం చేశారు. 1975లో నగరం సొంత అంబులెన్సు సేవ పెట్టుకుని, అక్టోబరులో ఫ్రీడమ్ హౌస్‌ను మూయించింది. ఏళ్ల అనుభవమున్నవాళ్లకు కొత్త సేవలో మళ్లీ పరీక్షలు పెట్టారు. చాలామంది నిలవలేదు. నిలిచినవారిలో జాన్ మూన్ అదే నగర సేవలో అసిస్టెంట్ చీఫ్ దాకా ఎదిగి, 2009లో రిటైరయ్యారు.