గుఱ్ఱపుమేత: పాతది ముందు, క్రొత్తది వెనుక

బొబ్బిలి యుద్ధమనగానే తాండ్ర పాపారాయని శౌర్యము, బుస్సీ ఫిరంగులు మన కన్నులకు గట్టును. ఆ కోటమీదికి వచ్చిన గుఱ్ఱము లేమి తినెనని ప్రశ్నించువారు మాత్రము అరుదు. చరిత్రకారుడు రాబర్టు ఓర్మ్ వ్రాసినదానిని బట్టి అచ్చటికి వచ్చిన 750 మంది ఐరోపీయులలో 250 మంది రౌతులు. గుఱ్ఱమునకు దినమునకు 6 కిలోల ఎండుమేత చాలునని తక్కువగానే లెక్కించినను, ఆ రౌతుల గుఱ్ఱములకే నెలకు 45 టన్నులు కావలెను. దూరమునుండి వచ్చు సేన మందుగుండును వెంట మోసికొని రాగలదు గాని ఇంత గడ్డిని మోయజాలదు. దారిలోని పల్లెల గడ్డివాములే దానికి ఆధారము.

ఆ యుద్ధము జరిగినది 1757 జనవరి 24న. సంక్రాంతి వెళ్ళి, వరినూర్పులు ముగిసి, కళ్ళములయొద్ద క్రొత్తవాములు లేచియుండు కాలమది. దారులు ఆరియుండుటయే గాక మేత దొరకుటయు దండయాత్రలకు శీతకాలము నెన్నుకొనుటకు ఒక కారణమని నా తలంపు. పద్మనాభ యుద్ధము దీనికి భిన్నముగా 1794 జులై 10న, పాతవాములు అడుగంటు దినములలో వచ్చినది. చినవిజయరామరాజు మేత లేక ఓడెననుట మాత్రము చరిత్ర కాదు. ఆ పోరు గంటలోపుననే ముగిసినది.

పద్మనాభమునకు చేరువనే, విజయనగరమునకు సముద్రపువైపున భోగాపురము గలదు. ఇట్టి యూళ్ళలో గడ్డిని సంపాదించుటకంటె, సంక్రాంతినాటి గడ్డిని ఆషాఢమువఱకు చెడకుండ నిలుపుట కష్టము. సముద్రపుగాలి మోసికొనివచ్చు తేమను ఎండుగడ్డి పీల్చుకొనును. కావున మెరకనేలపై రాళ్ళో తాటిదుంగలో పఱచి, నేలతడి అంటకుండ వామి వేయవలెను. నడుమ గట్టిగా త్రొక్కి, శిఖరమును వాలుగా దిద్దినచో వాన జాఱిపోవును. పైపొర నల్లబడినను లోపలి గడ్డి బంగారువన్నె తప్పదు. 2014 అక్టోబరు 12నాటి హుద్‌హుద్ వంటి తుపాను వచ్చినచో ఈ జాగ్రత్తలేవియు నిలువవు. అది వేఱు సంగతి.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున, దుర్గములో నిలువయుంచవలసిన వస్తువులలో నూనె, ధాన్యము, ఉప్పులతోపాటు పశువులమేతను, గడ్డిని గూడ పేర్కొనినాడు. అనేక సంవత్సరములకు సరిపడునట్లు కూర్చుమని చెప్పి యూరకుండలేదు; క్రొత్తది తెచ్చి పాతదానిని మార్చుచుండుమని కూడ ఆదేశించినాడు. గుఱ్ఱపుసాలకు ఈ రెండవ మాటయే ముఖ్యము. ఎద్దు నెమరువేయును, కొంచెము ముక్కిన గడ్డినైనను అరిగించుకొనగలదు. గుఱ్ఱమునకు నెమరు లేదు, తిన్నదానిని వాంతి చేసికొను శక్తియు లేదు. బూజుగడ్డి తిన్నచో కడుపుశూలతో పొర్లాడి ప్రాణము విడువవచ్చును. ఆ బూజుదుమ్మును పీల్చినచో దగ్గు పట్టును.

కుంఫిణీ గుఱ్ఱపుదళములలో గుఱ్ఱమునకొక గడ్డికోతగాడు చొప్పున నుండెడివాడు. అతడు గరికను వేళ్ళతో చెక్కి, మన్ను దులిపి, కడిగి తెచ్చెడివాడు. ఏనాటి మేత ఆనాటిదే. చెడుటకు వ్యవధి యేది? వరిగడ్డి గుఱ్ఱమునకు ఉత్తమాహారము కాదు, చోడిగడ్డి కొంత మేలు. బలమునకు ఉడికించిన ఉలవలు పెట్టెడివారు. ఇంగ్లీషువారు ఉలవలకు గుఱ్ఱము పేరే పెట్టిరి. జట్కావాడు దినమునకొక మోపు కొనుటను చూచి అది పేదతనమని మనమనుకొంటిమి. అందు తెలివియు కొంత గలదు.

బేళ్ళు కట్టుట మన తీరమునకు క్రొత్త కాదు. భీమునిపట్టణపు గోగునార బేళ్ళుగా ఓడలెక్కి విదేశములకు పోయినది. కాని నార వేఱు, మేత వేఱు. నేడు కోతయంత్రము వెళ్ళిన మడిలో గడ్డిని చుట్టి కట్టు యంత్రములు వచ్చినవి. పెద్దబేలులో తేమ నూటికి 15 వంతులు మించినచో లోపల సూక్ష్మజీవులు పెరిగి వేడి పుట్టును. ఆ వేడికి వెలుపలికి పోవు దారి లేదు. గడ్డి బూజుపట్టును, ఒక్కొక్కప్పుడు తనంతట తానే నిప్పు రాజుకొనును.

ఆరినబేలుకైనను విప్పిన పిమ్మట ఆయువు తక్కువ. 200 కిలోల బేలు ఒంటి గుఱ్ఱమునకు నెలకుపైగా వచ్చును. సముద్రపుగాలిలో అన్నాళ్ళు నిలుచునని నమ్మరాదు. నాటి 250 గుఱ్ఱములకైనచో అట్టివి దినమునకు ఏడెనిమిది చెల్లిపోవును! గుఱ్ఱముల లెక్కను బట్టియే బేలు కొలత. ఒకటి రెండు గుఱ్ఱములున్నవారికి చిన్నకట్టలే మేలు. పెద్దది తప్పనిచో ఇరుగుపొరుగువారితో పంచుకొనవలెను. కట్టిన నెలను చీటిపై వ్రాసి తగిలించి, పాతవి వాకిటివైపున, క్రొత్తవి లోపలిగోడవైపున పేర్చవలెను. విప్పినప్పుడు చేతికి వెచ్చదనము తగిలినను, ముక్కవాసన వచ్చినను ఆ గడ్డి పోవలసినది గుఱ్ఱపుసాలకు కాదు, ఎరువుగుంటకు.